--చెరువు ఇవ్వకపోయినా ఎర్రర్ రావట్లేదా? ముందు డిఫాల్ట్ చూడండి

పైథాన్‌లో ఆర్గ్‌పార్స్‌తో (కమాండ్ లైన్‌లో ఇచ్చే ఆప్షన్లని చదివే మాడ్యూల్) స్క్రిప్ట్ రాశారు. --ఉప్పు ఇస్తే --చెరువు కూడా ఇచ్చి తీరాలి. కానీ చెరువు నంబర్ లేకుండా నడిపినా ఎర్రర్ రాదు, లేదా ఒకసారి వచ్చి ఇంకోసారి రాదు.

కోడ్ తిరగరాసే ముందు, పార్స్ అయిన వెంటనే ఆర్గ్స్‌ని (చదివిన ఆప్షన్ల విలువలన్నీ ఉండేది) ప్రింట్ చేసి చూడండి. నన్ను అడిగినవాళ్లలో ఒక్కరు కూడా ఈ పని చేసి రాలేదు. అక్కడ మీరు ఇవ్వని చెరువుకి ఏదో నంబర్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

భీమవరం దగ్గర మా బావగారి రొయ్యల చెరువులకి రోజూ నీటి ఉప్పు మోతాదు ఎక్కించే స్క్రిప్ట్ నేనే రాశాను. ప్రతిసారీ నంబర్ ఎందుకులే అని --చెరువుకి డిఫాల్ట్ (ఇవ్వకపోతే దానంతట అదే పడే విలువ) 1 పెట్టి, కింద 'ఉప్పు ఉండి చెరువు లేకపోతే ఎర్రర్' అని షరతు రాశాను. చెరువు ఎప్పుడూ 1 అయి కూర్చుంటుంది కాబట్టి ఆ షరతు ఒక్కరోజూ పనిచేయలేదు. కుర్రాడు నంబర్ మర్చిపోయినప్పుడల్లా మూడో చెరువు రీడింగ్ ఒకటో చెరువు ఖాతాలో పడింది. పొద్దున 12 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు ఎన్ని పాళ్లో), సాయంత్రం 4 అని చూసి, నీళ్లు ఎక్కడ నుంచి దిగాయో అని బావగారు టెన్షన్‌తో గట్లన్నీ తిరిగారు.

డిఫాల్ట్ తీసేయండి, ఏమీ రాయకపోతే అది నన్ (None, పైథాన్‌లో 'విలువ లేదు' అని) అవుతుంది. చెరువు 'ఈజ్ నన్' అయితే పార్సర్.ఎర్రర్ పిలవండి. అది వాడకం చూపించి, 2 అనే కోడ్‌తో ఆగిపోతుంది. డిఫాల్ట్ కావాల్సిందే అంటే ఈ పరీక్ష దాటాక నింపుకోండి.

ఉప్పు వైపు కూడా అంతే. 'ఇఫ్ ఆర్గ్స్.ఉప్పు' అని రాయకండి. వానల్లో కాలువ నీళ్లు పెట్టాక మీటర్ 0 చూపించొచ్చు, టైప్ ఫ్లోట్ అయితే పైథాన్‌కి 0 అంటే లేనట్టే, షరతు దాటిపోతుంది. ఎర్రర్ ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోవడం ఇందుకే. 'ఈజ్ నాట్ నన్' అని రాయండి.

రిక్వైర్డ్=ట్రూ పెడితే ఉత్త రిపోర్ట్ తీసినా చెరువు అడుగుతుంది. మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్ గ్రూప్ రెండూ కలిసి రాకుండా ఆపడానికి, దీనికి పనికిరాదు. ఇలాంటి ఆప్షన్లు బాగా పెరిగితే సబ్‌పార్సర్లకి (ఒక్కో పనికి విడి కమాండ్, దానికి విడి ఆప్షన్లు) మారండి.

మార్చాక మూడుసార్లు నడపండి: --ఉప్పు 5, --ఉప్పు 0, రెండు ఆప్షన్లూ లేకుండా. మొదటి రెండింటికీ ఎర్రర్ రావాలి, మూడోదానికి రాకూడదు.