పాత డిస్కు తుడిచే ముందు సీరియల్ నెంబర్ చూడండి

భీమవరం దగ్గర మా బావకి రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్టు మీద షెడ్డులో సీసీటీవీ డబ్బా, అందులో మూడేళ్లు రాత్రీపగలూ తిరిగిన 4 టీబీ డిస్కులు రెండు. కొత్తవి వేయించుకుని పాతవి నాకిచ్చాడు, "నీ సర్వర్‌కి పనికొస్తాయేమో చూడు బావా" అని. అలాంటి డిస్కుల్లో ఉన్న పాత డేటాని శుభ్రంగా తుడిచి మళ్లీ ఎలా వాడుకోవాలో రాస్తున్నాను. కానీ అన్నిటికంటే ముందు ఒక్క మాట: తుడవబోయే డిస్కుని సీరియల్ నెంబర్‌తో ఖాయం చేసుకోండి, లినక్స్ డిస్కులకి పెట్టే ఎస్‌డీఏ ఎస్‌డీబీ అనే పేర్లని నమ్మకండి.

లినక్స్‌లో ఆ పేర్లు బూట్ అయ్యేటప్పుడు డిస్కులు కనబడిన వరసని బట్టి వస్తాయి. నిన్న ఎస్‌డీబీ అన్నది ఇవాళ ఎస్‌డీసీ అయిపోవచ్చు. నాకు జరిగింది అదే. మధ్యలో కరెంటు పోయి వచ్చింది, సర్వర్ మళ్లీ లేచింది, నేను పొద్దున కాగితం మీద రాసుకున్న పేరుతోనే కమాండ్ కొట్టేశాను. తుడుచుకుపోయింది 1996 నవంబరు తుఫాను తర్వాత మా నాన్న తీసిన ఫోటోలున్న డిస్కు, కోనసీమలో మా తోట, కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు ఒరిగి పడిపోయి ఉన్న ఫోటోలు. అక్క దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉండబట్టి దక్కాయి. అక్క ఫోన్ ఎత్తేదాకా నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

అందుకే ఇప్పుడు నేను చేసేది ఇది. డిస్కుల జాబితా చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్‌ని పేరు, సైజు, మోడల్, సీరియల్ నాలుగూ చూపించమని అడుగుతాను, డిస్కు మీద స్టిక్కర్‌తో అంకె అంకె పోల్చుకుంటాను, చివరి నాలుగు అంకెలు టేపు ముక్క మీద రాసి డిస్కు ముందు భాగాన అతికిస్తాను. ఆ తర్వాత సర్వర్ ఆపేసి, మంచి డిస్కుల కేబుళ్లు పీకేస్తాను. పది నిమిషాల పని, కానీ ఇంతకంటే గట్టి భద్రత నాకు తెలీదు. కమాండ్‌లో కూడా ఎస్‌డీ పేరు బదులు బై-ఐడీ (/dev/disk/by-id) ఫోల్డర్‌లో ఉండే పేరు వాడండి, అందులో సీరియల్ నెంబర్ ఉంటుంది.

తుడిచే ముందు డిస్కు ఆరోగ్యం చూడండి. చెరువుల దగ్గర ఉప్పుగాలికి బావ డిస్కుల్లో ఒకదాని స్క్రూలు తుప్పు పట్టాయి, సర్క్యూట్ బోర్డు కింద రాగి చుక్కల మీద పచ్చగా చిలుము. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ (SMART) రిపోర్ట్‌లో 5, 197, 198 నెంబర్ల వరసలు ముఖ్యం. 5 అంటే పాడైతే పక్కన పెట్టి బదులు ఇచ్చిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు), 197 అంటే చదవలేక అనుమానంలో ఉన్నవి, 198 సరిచేయలేకపోయినవి. మూడూ సున్నా ఉంటే మంచిది.

ఇక తుడవడం. డిస్కు ఏదైనా రెయిడ్‌లోనో జడ్‌ఎఫ్‌ఎస్ (ZFS) పూల్‌లోనో, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే గుంపులో ఉంటే ముందు దాన్ని ఆపి బయటికి తీయండి, బూట్‌లో ఏ డిస్కులు తెరవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైల్‌లో దాని లైను తీసేయండి, లేకపోతే తర్వాత బూట్ మధ్యలో ఆగిపోవచ్చు. లినక్స్ రెయిడ్ అయితే ఎండీఏడీఎమ్ (mdadm) కమాండ్‌తో సూపర్‌బ్లాక్, అంటే డిస్కు మీద రెయిడ్ రాసుకున్న గుర్తు, సున్నా చేయండి. తర్వాత పాత గుర్తులు చెరిపే వైప్‌ఎఫ్‌ఎస్ (wipefs) కమాండ్‌ని ఏ ఆప్షనూ లేకుండా నడిపితే ఏమేం గుర్తులున్నాయో చూపిస్తుంది, ఏమీ చెరపదు. అది చదివాకే, ముందు పార్టిషన్ల మీద, ఆ తర్వాత మొత్తం డిస్కు మీద, అన్నీ చెరిపే ఆప్షన్‌తో నడపండి. "బిజీ" అని ఎదురు చెబితే ఫోర్స్ ఆప్షన్ వాడకండి, ఆ డిస్కుని ఇంకా ఏదో వాడుతోందని అర్థం, సీరియల్ మళ్లీ చూసుకోండి.

చాలామంది డీడీ (dd) కమాండ్‌తో డిస్కు మొదటి కొన్ని ఎంబీలు సున్నాలు కొట్టి పనైపోయిందనుకుంటారు. కాదు. డిస్కు ఏయే భాగాలుగా ఉందో చెప్పే జీపీటీ (GPT) పార్టిషన్ పట్టిక నకలు డిస్కు చివర ఉంటుంది, జడ్‌ఎఫ్‌ఎస్ తన పూల్ వివరాలు రాసుకునే నాలుగు లేబుళ్లలో రెండు మొదట్లో, రెండు చివర ఉంటాయి. తుడిచిన డిస్కు కొత్త సర్వర్‌లో పాత పూల్ పేరు చెప్పడానికి కారణం ఆ తోకే.

ఇంట్లోనే వాడుకుంటే ఇంతవరకు చాలు. పాత సామాన్లవాడికో పరాయివాళ్లకో ఇచ్చేదైతే మాత్రం మొత్తం డిస్కు మీద సున్నాలు రాయాలి. హార్డ్ డిస్కుకి ఒక్కసారి చాలు, కొందరు చెప్పేలా ముప్పై ఐదు సార్లు అక్కర్లేదు. సెకనుకి 150 ఎంబీ లెక్కన 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది, కాబట్టి ఇన్వర్టర్ మీద పెట్టి, ఎదురుగా ఫ్యాన్ వేసి పడుకోండి. ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి వద్దు. కనబడకుండా దాచుకున్న భాగాల్లో డేటా మిగిలిపోతుంది, దానికి డిస్కే తనంతట తాను అంతా చెరుపుకునే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ వాడాలి.

బావ డిస్కులు రెండింటికీ సున్నాలు రాసి, డిస్కు మొత్తం చదివి చూసే స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టి, రిపోర్ట్ మళ్లీ చూశాను. ఒకటి మూడు వరసల్లోనూ సున్నా, అది పూల్‌లోకి వెళ్లింది. చిలుము పట్టినదానికి 5వ వరస రెండు రోజుల్లోనే పెరిగింది. దాని టేపు మీద ఇంటూ గుర్తు పెట్టి పక్కన పడేశాను, బావ అడిగితే ఇంకోటి కొనమన్నాను.