అడవి చెట్లకు తెగుళ్ల నుంచి రక్షణ – 4వ పాఠం: కోత ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో మామూలుగా ఎండిన కొమ్మకీ, తెగులుతో ఎండుతున్న కొమ్మకీ తేడా ఎలా గుర్తుపట్టాలో చూశాం. ఈసారి రంపం చేతికి తీసుకుంటాం.

ముందు ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. మన చర్మం తెగితే అక్కడే కొత్త చర్మం పుట్టి గాయం మానుతుంది. చెట్టుకి అలా మానదు. దెబ్బతిన్న కలపని అది బాగుచేసుకోలేదు. దాని చుట్టూ లోపల గోడ కట్టేసి, బయటినుంచి ఏటేటా కొత్త కలపతో కప్పుకుంటూ వస్తుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి, లోపల కుళ్లు ఎంతవరకు పాకి ఎక్కడ ఆగిందో చూసి, 1970లలో ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పారు. ఆ గోడ కట్టే చోటుని మన రంపం పాడుచేయకూడదు. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అదే.

కొమ్మ మొదట్లో, అది మానుతో కలిసే చోట, బెరడు కాస్త ఉబ్బి గాజు తొడిగినట్టు ఉంటుంది. మనం దాన్ని ‘మెడ’ అందాం. కోత ఆ మెడకి బయట, దానికి ఆనుకుని పడాలి. మెడని కూడా కోసేసి మానుకి చదునుగా చేస్తే చూడ్డానికి నున్నగానే ఉంటుంది. నేనూ మొదట్లో అలాగే కోసేదాన్ని. కానీ గాయం పెద్దదవుతుంది, కుళ్లు నేరుగా మానులోకి దిగుతుంది. అలాగని జానెడు మోడు వదిలితే, అది ఎండి బూజులకు ఇల్లవుతుంది. రెండిట్లో ఎక్కువ నష్టం చదును కోతతోనే. మెడ సరిగా కనిపించకపోతే ఒక వేలు వెడల్పు బయటికే కోయండి.

బరువైన కొమ్మని ఒకే కోతలో తీయకూడదు. సగంలో విరిగి, మాను బెరడుని చీల్చుకుంటూ పడుతుంది. మానుకి అడుగు దూరంలో, కింది వైపు నుంచి కొమ్మ మందంలో పావు వంతు కోయండి. దానికి రెండు మూడు అంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా తెగి పడుతుంది. మిగిలిన ముక్కని మెడ దగ్గర నెమ్మదిగా తీసేయండి. కోసిన చోట తారో పెయింటో పూయడం పాత అలవాటు. దాంతో కుళ్లు ఆగదు. దీనికి మినహాయింపు ఒకటి ఉంది. ఓక్ విల్ట్ అనే తెగులు ఉన్న ప్రాంతాల్లో ఓక్ చెట్టు పచ్చి గాయం వాసనకి పురుగులు వచ్చి శిలీంధ్రాన్ని అంటిస్తాయి. అక్కడ వసంతంలో కోయకపోవడమే మంచిది. తప్పనిసరైతే కోసిన వెంటనే పెయింట్ వేస్తారు.

ఇక పనిముట్ల సంగతి. తెగులు చెట్టుని కోసిన రంపంతోనే పక్క చెట్టుని కోస్తే, తెగుల్ని మనమే మోసుకెళ్లినట్టు. చెట్టు మారిన ప్రతిసారీ ముందు రంపపు పొట్టు, జిగురు గీకి తుడవండి. ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. మురికి మీదే మందు పోస్తే లోపలిదాకా అందదు. బ్లీచ్ ద్రావణమైతే ఒక పాలుకి తొమ్మిది పాళ్లు నీళ్లు చాలు. కానీ ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఆల్కహాల్‌కీ బ్లీచ్‌కీ మధ్య కడగకుండా ఒకదానిమీద ఒకటి వాడొద్దు, విషవాయువులు వస్తాయి.

చాలామంది రంపం తుడుస్తారు గానీ బూట్లు మర్చిపోతారు. తెగుళ్లు తెచ్చే ఫైటోఫ్తొరా జాతి సూక్ష్మజీవులు బురదలో బతుకుతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో జారా అనే చెట్ల అడవుల్ని ఎండబెట్టిన ఫైటోఫ్తొరా సిన్నమోమి బండి చక్రాలకూ, బూట్లకూ అంటిన మట్టితోనే చాలా దూరాలు వెళ్లింది. అందుకే అడవి నుంచి బయటికి వచ్చే చోటే బూట్ల అడుగు అట్టల్లోని మట్టిని బ్రష్‌తో పూర్తిగా దులపండి. ఇంటికెళ్లాక చేద్దామనుకుంటే ఆ మట్టి దారంతా రాలుతుంది.

ఈ వారం అభ్యాసానికి బతికున్న చెట్టు వద్దు. గాలికి పడిపోయిన కొమ్మల్లో పక్కకొమ్మలున్నవి ఏరుకుని, ఒక్కోదానికి సుద్దముక్కతో మెడ గుర్తు పెట్టి, మూడు కోతలూ వేసి చూడండి. కనీసం పది చేయండి. బెరడు చీలకుండా వరసగా మూడు వచ్చాకే నిలబడిన చెట్టు దగ్గరికి వెళ్లండి. వచ్చే పాఠంలో నరికిన మొద్దుల సంగతి, వాటి వేళ్ల గుండా పక్క చెట్లకి పాకే కుళ్లు సంగతి చూద్దాం.