ఒంటరిగా బైక్ మీద నాలుగు రోజులు: విశాఖ మన్యంలో ఫొటోలు తీసుకుంటూ తిరగడం ఎలా?

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. తెల్లారి బయల్దేరితే రాత్రి భోజనానికి ఇల్లు చేరుకోవచ్చు. చాలామంది అలాగే వెళ్లొస్తారు, మొదటిసారి నేనూ అంతే. ఇంటికొచ్చి చూసుకుంటే రెండొందల ఫొటోలు, అన్నీ ఒకే తీరు: పాలిపోయిన ఆకాశం, దాని కింద మసిబట్టినట్టు కొండలు. తప్పెక్కడుందో తర్వాత అర్థమైంది. కొండల మీద ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి వేళ నేను పెందుర్తి, కొత్తవలస ట్రాఫిక్‌లో ఉన్నాను. మళ్లీ ఆ ఎండ వచ్చే సాయంత్రం వేళకు, చీకటి పడేలోపు ఘాట్ దిగాలన్న టెన్షన్‌లో ఉన్నాను.

ఇప్పుడు అదే చుట్టు తిరగడానికి నాలుగు రోజులు పెట్టుకుంటాను. విశాఖ, శృంగవరపుకోట, అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం, మళ్లీ విశాఖ. పక్కదారులన్నీ కలిపినా 400 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రోజుకు వందేనా అని తోటి బైకర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

1. నెల చూసుకోండి

అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా ఈ దారికి మంచి కాలం. నవంబరు, డిసెంబరుల్లో అరకు చుట్టూ వలిసె (నూనెగింజల పైరు) పూలు పసుపు పరిచినట్టు పూస్తాయి. కాఫీ తోటల్లో పళ్లు ఎర్రబడేదీ ఆ రోజుల్లోనే. మంచు మేఘాలు కావాలంటే డిసెంబరు, జనవరి. వర్షాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి గానీ, ఒంటరిగా మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఆ కాలం చెప్పను. ఘాట్‌లో కొండచరియ విరిగి దారి మూసుకుపోతే వెనక్కి తిరగడానికి కూడా ధైర్యం కావాలి.

సోమవారం బయల్దేరి గురువారానికి తిరిగొచ్చేలా వేసుకోండి. శని, ఆదివారాలు, క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి రోజుల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు రెట్టింపు, ఫొటోలో ఎటు చూసినా సెల్ఫీ కర్రలే.

2. వెలుగును బట్టి రోజును కోయండి

ఈ ప్రయాణంలో అసలు పని ఇదే, మిగతాదంతా దీని వెనకాలే వస్తుంది. శీతాకాలంలో ఇక్కడ సూర్యోదయం ఇంచుమించు ఆరుంబావు, ఆరున్నర మధ్య. సాయంత్రం ఐదున్నర దాటితే పొద్దు వాలిపోతుంది. చుట్టూ కొండలు ఉంటే లోయలో నీడ ఇంకో అరగంట ముందే పడుతుంది. కాబట్టి ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా కెమెరా. ఆ తర్వాత టిఫిను. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా బండి. ఎండ నడినెత్తిన ఉన్న వేళ ఎలాగూ ఫొటోలు బాగా రావు, ఆ వేళే దూరం గడిచిపోవాలి. మూడున్నరకు మళ్లీ కెమెరా బయటికి.

దీన్నిబట్టి బస ఎక్కడో తేలిపోతుంది. రేపు పొద్దున ఎక్కడ నిలబడి ఫొటో తీయాలో, ఈ రాత్రి దానికి పది కిలోమీటర్లలోపు పడుకోవాలి. హోటల్ బాగుందని ముప్పై కిలోమీటర్ల దూరంలో దిగితే, తెల్లవారుజామున మంచులో, చీకట్లో, తెలియని ఘాట్ మీద బండి నడపాల్సి వస్తుంది. ఒంటరి ప్రయాణంలో చేయకూడని పనుల్లో మొదటిది అదే. చీకట్లో మనకు కనిపించనివి చాలా ఉంటాయి: రోడ్డు మీద పడుకున్న ఆవులు, వెనక లైటు లేని ఆటోలు, మలుపులో మేటవేసిన ఇసుక.

రోజువారీ ప్లాన్ ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. రోజూ రాత్రి ఎనిమిదికల్లా ఫోన్ చేస్తానని, రాకపోతే ఏ గదికి ఫోన్ చేసి కనుక్కోవాలో కూడా అందులోనే రాయండి. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపును ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

3. బండి

కొత్త బండి, పెద్ద బండి అక్కర్లేదు. 125 సీసీ బండి ఈ ఘాట్లన్నీ ఎక్కుతుంది. బయల్దేరే ముందు వారంలోనే సర్వీసు చేయించి, ఒక యాభై కిలోమీటర్లు నడిపి చూడండి. సర్వీసు చేయించిన మర్నాడే బయల్దేరితే, మెకానిక్ సరిగ్గా బిగించని నట్టు ఘాట్‌లో ఊడుతుంది. బ్రేక్ షూలు, ప్యాడ్లు, టైరు గాడులు, చైను టెన్షన్, హెడ్‌లైటు మీ ఎదురుగానే చూపించమనండి. క్లచ్ వైరు ఒకటి అదనంగా తీసుకెళ్లండి. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్, చిన్న పంపు. అది వాడటం ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకోండి.

పెట్రోలు శృంగవరపుకోట, అరకు, పాడేరు, చింతపల్లి, ఎక్కడ బంకు కనిపిస్తే అక్కడ నింపేయండి. సగం ట్యాంకు ఉందిలే అనుకోవద్దు.

ఘాట్ దిగేటప్పుడు ఒక పాత సూత్రం ఉంది: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో జారిపోయేవాళ్లను చూస్తుంటాం. భారమంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి, సరిగ్గా హెయిర్‌పిన్ మలుపు దగ్గర పట్టు వదిలేస్తాయి.

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు ఫోన్‌లో ఉన్నా, సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోకపోతే ఇబ్బంది. కాపీలు కవర్లో పెట్టుకోండి. మన్యంలో గంజాయి తనిఖీలు గట్టిగా ఉంటాయి. పెద్ద బ్యాగుతో ఒక్కడే వస్తున్న బైకును ఆపకుండా వదలరు. విసుక్కోకుండా బ్యాగు తెరిచి చూపిస్తే రెండు నిమిషాల పని. "కింద ఊళ్లో మావాళ్లకిచ్చెయ్ బాబూ" అంటూ ఎవరైనా పొట్లం ఇవ్వబోతే మాత్రం, ఎంత ముసలివాళ్లయినా సరే, తీసుకోవద్దు.

4. కెమెరా ఎక్కడ పెట్టాలి?

వెనక సీటు మీద బంగీ తాళ్లతో కట్టిన బ్యాగులో మాత్రం పెట్టకండి. బండిలో ఎక్కువ అదురు తగిలేది అక్కడే. నేను ఒకసారి అలా పెట్టి, అరకు చేరేసరికి లెన్సులో ఒక స్క్రూ ఊడి గలగలలాడటం విన్నాను. కెమెరా మీ వీపు మీద ఉంటే మీ ఒళ్లే షాక్ అబ్జార్బర్. కాకపోతే పడినప్పుడు వెన్నుకు గుచ్చుకునేలా గట్టి వస్తువులేవీ వీపు వైపు పెట్టకండి, ట్రైపాడ్‌ను వెనక సీటు మీద కట్టండి.

ఫోన్‌తోనే తీసేవాళ్లకూ ఇదే జాగ్రత్త. హ్యాండిల్ మీది హోల్డర్‌లో ఫోన్ పెట్టి గంటల తరబడి నడిపితే ఇంజను అదురుకు కెమెరాలో ఫొటో అదరకుండా చూసే స్టెబిలైజర్ చెడిపోవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. దారి చూడాలంటే ఆగి జేబులోంచి తీసి చూడండి, లేదా ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని తక్కువ సౌండుతో వినండి.

ఒక కెమెరా, ఒక జూమ్ లెన్సు చాలు. మట్టిరోడ్డు పక్కన నిలబడి లెన్సులు మారిస్తే సెన్సార్ మీద దుమ్ము తప్పదు. అదనపు బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది, అది లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉండాలి. మంచులో తిరిగి వచ్చిన కెమెరాను వెచ్చటి గదిలో వెంటనే బయటికి తీస్తే అద్దం చెమర్చుతుంది, అరగంట బ్యాగులోనే ఉండనివ్వండి. ఇవి కాక చలికి జర్కిన్, మంకీ క్యాప్, గ్లోవ్స్, దోమల క్రీము, రెయిన్‌కోటు, నగదు. నగదు మర్చిపోవద్దు, సిగ్నల్ లేనిచోట క్యూఆర్ కోడ్ గోడమీద బొమ్మ.

5. ఘాట్‌లో ఫొటోకు ఆగడం

అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి రెండు మలుపులకూ ఆగాలనిపిస్తుంది. ఆగండి, ఒంటరిగా వచ్చింది అందుకే. కానీ మలుపులో ఆగకండి. మలుపు దాటి, వెనక నుంచి వచ్చే బస్సుకు మీరు దూరం నుంచే కనిపించే చోట, రెండు చక్రాలూ తారు దిగేలా పెట్టండి. బండి ముక్కు ఎగువ వైపు, ఇంజను ఆపి మొదటి గేరులో.

సైడ్ స్టాండ్ కింద చదునైన రాయో, తొక్కి నలిపిన వాటర్ బాటిలో పెట్టండి. నేను పెట్టలేదు. గాలికొండ దగ్గర మెత్తటి మట్టిలో స్టాండ్ దిగబడి, సామానుతో సహా బండి పక్కకు ఒరిగిపోయింది. మేకలు తోలుకొస్తున్న ఒక తాత వచ్చి ఓ చెయ్యి వేశాడు. లేపాక, "ఒక్కడివే వచ్చావా బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్నలో జాలి ఎంతో, ఎగతాళి ఎంతో ఇప్పటికీ తేలలేదు. ఒక్కరే లేపాల్సి వస్తే, ముందు సామాను విప్పండి. తర్వాత బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి కాళ్ల బలంతో లేపాలి, నడుము వంచితే అక్కడితో యాత్ర సరి.

నడి మధ్యాహ్నం వేళకు బొర్రా చేరేలా చూసుకోండి. బయట ఎండ పనికిరాని వేళ గుహలోకి వెళ్తే సమయం వృథా కాదు. గోస్తని నీళ్లు సున్నపురాయిని కరిగించి చేసిన గుహలవి, దాదాపు 80 మీటర్ల లోతు. రంగు లైట్ల కింద ఫొటోలు కృత్రిమంగా వస్తాయి. నాకు నచ్చేది ముఖద్వారం దగ్గర లోపలి నుంచి బయటికి చూసే దృశ్యం, మెట్లు దిగే మనుషులు చీమల్లా కనిపిస్తారు.

6. వంజంగి తెల్లవారుజాము

రెండో రోజు చాపరాయి చూసుకుని పాడేరు చేరండి. చాపరాయి దగ్గర బండ మీద నీళ్లు పరుచుకుని జారుతాయి. నాచు పట్టిన చోట అడుగు వేయకుండా, ఒడ్డున ట్రైపాడ్ పెట్టి ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా తీయండి, నీళ్లు పట్టుబట్టలా వస్తాయి. పోలరైజర్ అనే ఫిల్టర్ లెన్సు ముందు ఉంటే రాళ్ల మీది తళుకు తగ్గుతుంది.

రాత్రి తొందరగా పడుకోండి. వంజంగి కొండ పాడేరుకు దగ్గరే, కానీ బండి దిగాక పైకి చీకట్లో ఎక్కుడు నడక ఉంటుంది. కెమెరా బ్యాగుతో ఆగుతూ ఆగుతూ వెళ్తే గంటకు పైనే పడుతుంది. నాలుగింటికల్లా నడక మొదలవ్వాలి. తలకు కట్టుకునే లైటు తీసుకెళ్లండి. అక్కడ మీరు ఒంటరి కారు, చాలామంది ఎక్కుతుంటారు, వాళ్ల వెంటే నడవండి.

పైన మేఘ సముద్రం కనిపిస్తుందా లేదా అన్నది ముందురోజు రాత్రే కొంత తెలుస్తుంది. ఆకాశం నిర్మలంగా, నక్షత్రాలతో ఉండి, గాలి లేకపోతే నేల వేడి త్వరగా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయల్లోకి దిగుతుంది, అందులోని తేమ మంచుగా మారి అక్కడే నిలిచిపోతుంది. ముందురోజు చిన్న జల్లు పడి ఉంటే ఇంకా మంచిది. గాలి వీస్తే మాత్రం అంతా చెదిరిపోతుంది, ఆ రాత్రి అలారం మానేసి హాయిగా పడుకోవచ్చు.

అందరూ ఎర్రటి బంతి పైకి వచ్చినప్పుడు ఫోన్లు ఎత్తుతారు. అసలు రంగులు అంతకు ఇరవై నిమిషాల ముందు, నీలం గులాబీలోకి తిరిగేటప్పుడు ఉంటాయి. ఆ తర్వాత సూర్యుడికి వీపు పెట్టి పడమటి వైపు చూడండి, శిఖరాల మీద మాత్రమే ఎండ పడుతుంటుంది. మంచును కెమెరా బూడిద రంగుగా అనుకుని ఫొటోను నల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) ప్లస్ 0.7 నుంచి 1 వరకు పెంచండి. సూర్యుడు ఫ్రేములోకి రాగానే సున్నాకు, ఇంకా కిందికీ దించేయండి. ఫోన్‌లో అయితే మేఘం మీద వేలు నొక్కిపట్టి, పక్కన వచ్చే గుర్తును పైకీ కిందికీ జరపడమే. కొండల వరుసలు ఒకదాని వెనక ఒకటి కావాలంటే జూమ్ చేసి తీయండి, జూమ్ లేకుండా వైడ్‌లో తీస్తే అన్నీ చిన్నబోతాయి.

7. మనుషుల ఫొటోలు

వారపు సంతలో పసుపు, అడ్డాకులు, చీపుర్లు పెట్టుకుని కూర్చున్న ఆదివాసీ స్త్రీలను దూరం నుంచి జూమ్ చేసి తీసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. కెమెరా మెడలో వేలాడనిచ్చి ముందు ఏదైనా కొనండి, ధర అడగండి, నాలుగు మాటలు కలపండి. ఆ తర్వాత కెమెరా చూపించి సైగ చేస్తే చాలామంది సరేనంటారు. వద్దంటే వద్దు. తీశాక స్క్రీన్ మీద చూపించండి. పిల్లలకు డబ్బులు ఇచ్చి నిలబెట్టకండి.

మీ ఫొటో కావాలంటే ట్రైపాడ్, పది సెకన్ల టైమర్. నేనైతే నా బదులు బండినే నిలబెడతాను. లంబసింగి మంచులో తెల్లవారుజామున హెడ్‌లైటు వేసి, రోడ్డు వంపులో బండి కాస్త చిన్నగా కనిపించేలా దూరం నుంచి తీస్తే, రోడ్డు పక్క చెట్లు ఎంత పొడుగో ఫొటోలో తెలుస్తుంది. రోడ్డు పక్కనే సుమా, మధ్యలో కాదు. మంచులో వచ్చే లారీకి మీ కంపోజిషన్ కనిపించదు.

8. దిగేటప్పుడు

మూడో రాత్రి లంబసింగిలో పడుకుని, నాలుగో రోజు అక్కడే చలిమంట దగ్గర టీ తాగి, ఎండ వచ్చాక తొమ్మిదింటికి కిందికి బయల్దేరండి. నర్సీపట్నం చేరేలోపే స్వెట్టర్ విప్పాల్సి వస్తుంది. తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కగానే చేయి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పుతుంది. నాలుగు రోజుల నిద్రలేమి అప్పటికి కళ్లలో ఉంటుంది. అనకాపల్లి ముందు ఎక్కడైనా అరగంట ఆగి, తిని, ముఖం కడుక్కోండి.

ఇంటికి చేరాక మొదట స్నానం, తర్వాత ఫొటోల కాపీ. కంప్యూటర్లో ఒకటి, విడిగా హార్డ్‌డిస్కులో ఒకటి, రెండు చోట్లా ఫొటోలు తెరుచుకుంటున్నాయని చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి. చైనుకు పట్టిన ఎర్రమట్టి ఆ మర్నాడే కడిగి ఆయిల్ పెట్టాలి, ఎండితే రాదు.