బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత మెత్తని ఆహారం తినడం, వికారాన్ని అదుపులో ఉంచుకోవడం ఎలా?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారిని నెల రోజుల తర్వాత చూడటానికి వెళ్తే చాలా ఇళ్ళలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. కుక్కర్‌లో నాలుగు విజిళ్ళు ఎక్కువ రానిచ్చి, గుజ్జుగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపి, పసిపిల్లకు పెట్టినట్టు పక్కన కూర్చుని పెడుతూ ఉంటారు. మూడో ముద్దకే ఆ మనిషికి నోట్లో నీళ్ళూరి, ముఖం పాలిపోయి, స్నానాల గదివైపు పరుగు మొదలవుతుంది. "ఇంత మెత్తగా పెట్టినా ఎందుకు పడటం లేదండీ?" అని నన్ను అడుగుతారు. పదేళ్ళ క్రితం నేను స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ తర్వాత మా అక్కకు అదే ఆపరేషన్ జరిగినప్పుడు, మా మరిదికి బరువు తగ్గడానికే చేసే బైపాస్ ఆపరేషన్ (గుండెకు చేసేది కాదు) జరిగినప్పుడు వంటా వార్పూ నేనే చూసుకున్నాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నా జవాబు మాత్రం మారలేదు: చాలాసార్లు తప్పు వండిన పదార్థంలో కంటే తిన్న వేగంలో, ఆపని చేతిలో ఉంటుంది.

లోపల ఏం మారిందో తెలిస్తే మిగతాది సులభంగా అర్థమవుతుంది. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసివేసి, అరటిపండు ఆకారంలో ఒక సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఏ పద్ధతిలో చేసినా మొదటి వారాల్లో లోపల వాపు ఉంటుంది కనుక దారి మరింత ఇరుకుగా ఉంటుంది. సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా జారే గుజ్జు, ఆ తర్వాత మెత్తని ఆహారం అన్న వరుసలో సాగుతుంది. అయితే సర్జన్‌ను బట్టి ఈ గడువులు మారుతాయి, మీ చేతికి ఇచ్చిన కాగితంలో ఉన్నదే మీకు ప్రమాణం. పక్కింటివారు మూడో వారానికే ఇడ్లీ తిన్నారన్నది మీకు ప్రమాణం కాదు.

కావలసిన సామాన్లు

చిన్నపిల్లల చెంచా ఒకటి, అరచేతిలో ఇమిడే గిన్నె ఒకటి, 30 మిల్లీలీటర్ల గుర్తు ఉన్న కప్పు ఒకటి, పప్పుగుత్తి, జల్లెడ, ఫోనులో అలారం. ఇంతకు మించి ఏమీ కొనవద్దు.

ముందు నీళ్ళ సంగతి

కడుపులో తిప్పుతోందని నీళ్ళు మానేస్తారు, నీళ్ళు తగ్గేసరికి వికారం ఇంకా పెరుగుతుంది, అది చూసి ఇంకా మానేస్తారు. ఈ చక్రంలో పడి మళ్ళీ ఆసుపత్రిలో చేరేవారు చాలామంది ఉంటారు. రోజుకు కనీసం లీటరున్నర లోపలికి వెళ్ళాలి. పది నిమిషాలకు ఒక 30 మిల్లీలీటర్ల కప్పు చొప్పున గుటకలుగా తాగితే సుమారు ఎనిమిదిన్నర గంటల్లో అది పూర్తవుతుంది, కనుక అసాధ్యమేమీ కాదు. చెంబు ఎత్తి గొంతులో పోసుకునే అలవాటు మన ఇళ్ళలో చాలామందికి ఉంది. దానితో నీటితోపాటు గాలి కూడా లోపలికి వెళ్ళి ఆ చిన్న గొట్టాన్ని ఉబ్బిస్తుంది. స్ట్రా కూడా అంతే. కప్పు పెదవికి ఆనించి తాగాలి. గ్యాస్ ఉన్న సోడాలు, కూల్‌డ్రింకులు పూర్తిగా మానాలి. చల్లని నీళ్ళు పడనివారికి గోరువెచ్చనివి, గోరువెచ్చనివి పడనివారికి చల్లనివి పడతాయి. రెండూ ప్రయత్నించి చూసుకోవాలి. మూత్రం ముదురు పసుపురంగులో వస్తోందంటే ఆ రోజు లెక్క తప్పినట్టే.

తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్న తర్వాత అరగంట వరకు కూడా తాగకూడదు. పక్కన గ్లాసు ఉంటే చెయ్యి దానంతట అదే వెళ్తుంది కాబట్టి, భోజనం దగ్గర గ్లాసు పెట్టనివ్వను.

ఏది మెత్తన?

వేళ్ళకు మెత్తగా తగిలినదల్లా పొట్టకు మెత్తన కాదు. గుజ్జన్నం, ఉప్మా, బ్రెడ్డు చేతికి వెన్నలా ఉంటాయి, కానీ లోపల ముద్దకట్టి ఇరుకైన దారికి అడ్డంగా కూర్చుంటాయి. ఇడ్లీ తడిని పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకని మెత్తని ఆహారంలో మొదటి రెండు వారాలు మా ఇంట్లో అన్నం గిన్నె పొయ్యి ఎక్కదు. ఈ మాట విన్న పెద్దవాళ్ళు "అన్నం లేకుండా నీరసం రాదా?" అని నొచ్చుకుంటారు. ఈ దశలో శరీరానికి ముఖ్యంగా కావలసింది మాంసకృత్తులు. రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి, ఆ కొద్ది చోటునూ అన్నానికి ఇస్తే వాటికి స్థలం మిగలదు.

మెత్తన అంటే చెంచాతో నొక్కగానే విడిపోయి, తడిగా ఉండి, మళ్ళీ అతుక్కోనిది. కొంచెం పాలు పోసి సన్నని మంట మీద కదుపుతూ చేసిన గుడ్డు, చారులో నానిన పెసరపప్పు, వడకట్టిన పెరుగు, చిదిమిన పనీరు, ఆవిరి మీద ఉడికించి ముల్లు తీసిన చేప ఈ కొలతకు సరిపోతాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాముల పనీరులో సుమారు 9 గ్రాములు ఉంటాయి. లెక్క తగ్గితే డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడితో పూర్తి చేసుకోవాలి. కూరల్లో సొరకాయ, బీరకాయ, గింజ తీసిన దోసకాయ మంచివి. తోటకూర కాడలు, మునక్కాడలు, గోరుచిక్కుడు పీచు వల్ల పనికిరావు. కోడిమాంసం ఎంత ఉడికించినా పొడిబారిందంటే ఇరుక్కుంటుంది, కాబట్టి చేప పడిన తర్వాతే దాని జోలికి వెళ్ళాలి.

మిక్సీ గురించి ఒక మాట చెప్పక తప్పదు. గుజ్జు దశ దాటిన మరునాడే మిక్సీని అటక ఎక్కించాలి. మిక్సీలో వేసినది నమలకుండానే జారిపోతుంది కాబట్టి నమలడం నేర్చుకోవలసిన రోజులు వృథా అవుతాయి, తర్వాత ఒక్కసారిగా గట్టి ఆహారానికి వచ్చినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. పప్పుగుత్తితో మెదిపి, అవసరమైతే జల్లెడ మీద రుద్ది, చివరగా వేళ్ళతో ఒకసారి చిదిమి చూడాలి; ఏ ముల్లు ఉన్నా, ఏ పీచు ఉన్నా వేలికి దొరికినట్టు మిక్సీ బ్లేడుకు దొరకదు. చేత్తో చిదమాలి, చెంచాతో తినాలి. చేత్తో తింటే మనకు తెలియకుండానే ముద్ద పెద్దదవుతుంది.

అసలు కష్టమంతా ఆపడంలోనే

వండటం ఎవరికైనా వస్తుంది. రానిది ఆపడం. ఇక్కడ తొందరపడకుండా చదవండి.

చెంచాలో శనగగింజంత మాత్రమే తీసుకోవాలి. పాతిక సార్లు నమలాలి, అది నోట్లో నీళ్ళయ్యాక మింగాలి. మింగిన తర్వాత చెంచాను గిన్నెలో పెట్టి చెయ్యి తీసేయాలి, ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషానికి అలారం పెట్టుకోమంటే నవ్వుతారు; నేను ముగ్గురికీ పెట్టించాను. ఇలా ఇరవై నుంచి ముప్ఫై నిమిషాల్లో ఎంత వెళ్తే అంతే ఆ పూట భోజనం. అరగంట దాటితే గిన్నెలో మిగిలినది మిగిలినట్టే తీసేయాలి. టీవీ చూస్తూ, ఫోనులో మాట్లాడుతూ తింటే ఈ నియమాల్లో ఒక్కటీ నిలవదు.

ఆపరేషన్‌కు ముందు మనకు తెలిసిన కడుపు నిండటం వేరు. బరువుగా అనిపించడం, తేన్పు రావడం, విస్తరి మీద నుంచి లేవబుద్ధి కావడం అప్పటి గుర్తులు. ఇప్పుడు ఆ గుర్తుల కోసం ఎదురుచూస్తే, అవి కనిపించేలోపు వాంతి వస్తుంది. ఇప్పటి గుర్తులు చాలా చిన్నవి, మనిషికొక రకంగా ఉంటాయి: ఒకే ఒక ఎక్కిలి, ఒక తుమ్ము, ఉన్నట్టుండి ముక్కు కారడం, అప్రయత్నంగా ఒక దీర్ఘమైన నిట్టూర్పు, రొమ్ము ఎముక వెనుక వేలితో అదిమినట్టు చిన్న బిగువు. నా గుర్తు ఎక్కిలి. అది తెలుసుకోవడానికి నాకు ఆరు వాంతులు పట్టాయి.

మా అక్క విషయం చెబుతాను. అయిదో వారంలో ఒక ఉదయం గుడ్డు పెట్టాను. నాలుగో చెంచాకు ఆమె ముక్కు కారసాగింది. కొంగుతో తుడుచుకుంటూ "కారం ఎక్కువైందే" అంది. ఆ గుడ్డులో ఉప్పు, చిటికెడు మిరియాల పొడి తప్ప ఏమీ లేవు. ఆ మాట నేను గట్టిగా చెప్పేలోపే ఇంకో రెండు చెంచాలు తినేసింది. తర్వాత నలభై నిమిషాలు గిన్నె పట్టుకుని కూర్చుంది. వచ్చింది వాంతి కూడా కాదు, తెల్లని జిగట నురగ. ముక్క అడ్డుపడినప్పుడు మింగిన లాలాజలానికి దిగే దారి లేక ఇలా నురగగా పైకి వస్తుంది. ఆ రోజు నుంచి ముక్కు చెమ్మగిల్లితే చాలు, నోట్లో ఉన్నది కూడా ఉమ్మేయాలన్నది మా ఇంటి నియమం. పారేయడం పాపమని నేర్చిన తరం మాది కనుక ఈ ఉమ్మడం అన్నిటికంటే కష్టమైంది.

నురగ మొదలైనప్పుడు నీళ్ళు తాగి ముక్కను కిందికి తోయాలని చూడకూడదు. దారి మూసుకుని ఉన్నందువల్ల ఆ నీళ్ళు కూడా తిరిగి వచ్చి బాధ రెట్టింపవుతుంది. వేళ్ళు గొంతులో పెట్టి కక్కించకూడదు. నిటారుగా నిలబడి, మెల్లగా అటూఇటూ నడుస్తూ, ఊరిన లాలాజలాన్ని ఉమ్మేస్తూ ఓపిక పట్టాలి. తగ్గిన తర్వాత ఆ రోజంతా పలుచని మజ్జిగ, చారు తేట వంటి ద్రవాలతోనే గడపాలి, మరునాడు గుజ్జుతో మొదలుపెట్టాలి.

ఇక ఇంట్లోవాళ్ళు. "ఇంకొక్క ముద్ద" అనడం మనకు ప్రేమ చూపే పద్ధతి. ఈ రెండు నెలలూ ఆ మాటను ఇంట్లో నిషేధించాలి. వడ్డించే గిన్నె ఎదురుగా ఉండకూడదు. నాలుగైదు చెంచాలు కొలిచి చిన్న గిన్నెలో వేసి ఇచ్చి, మిగతాది వంటింట్లోనే మూత పెట్టాలి.

తినకపోయినా తిప్పుతుంటే

అన్ని వికారాలకూ వేగమే కారణం కాదు. మొదటి నెలల్లో రుచి, వాసన మారిపోతాయి. నిన్న నచ్చిన పెరుగు ఈ రోజు డోకు తెప్పించవచ్చు. నాకు ఇంగువ పోపు వాసన గిట్టేది కాదు, అందుకని పోపు వేసే వేళకు మేడ మీదికి వెళ్ళిపోయేదాన్ని. వేడివేడిగా కాక, ఆరిన తర్వాత తింటే వాసన తక్కువగా తగులుతుంది. తిన్న వెంటనే నడుము వాల్చకూడదు. ఐరన్ మాత్ర ఖాళీ కడుపున తిప్పుతుంది కాబట్టి ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడిగి మార్చుకోవాలి. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. అల్లం వేసి కాచిన నీళ్ళు చాలామందికి హాయినిస్తాయి. వికారానికి డాక్టరు రాసిన మాత్ర ఉంటే పంతానికి పోకుండా వేసుకోవాలి. ఒంటినొప్పులకు మాత్రం మందుల షాపులో దొరికే మాత్రలు సొంతంగా మింగకూడదు, వాటిలో చాలా రకాలు బైపాస్ అయినవారికి పుండ్లు తెస్తాయి.

బైపాస్ అయినవారికి తీపితో మరో చిక్కు ఉంది. మా మరిది పండగ పూట ఎవరూ చూడకుండా నాలుగు చెంచాల సగ్గుబియ్యం పాయసం తిన్నాడు. పావుగంటలో చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగడం వల్ల ఇలా జరుగుతుంది. పడుకోబెడితే కాసేపటికి తగ్గింది. పాయసం ఎంత మెత్తగా ఉన్నా మెత్తని ఆహారం జాబితాలో లేదన్న సంగతి అతనికి అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇంటి చిట్కాలు ఆపి ఆసుపత్రికి వెళ్ళవలసిన వేళలు

జ్వరం, కడుపులో తగ్గని నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, కూర్చున్నా నాడి నిమిషానికి 120 దాటడం కనిపిస్తే కుట్టు వేసిన చోట లీకేజీ ఉండే అవకాశం ఉంది, తెల్లవారేదాకా ఆగకూడదు. ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే వెళ్ళాలి. ముందు బాగానే పడినవి వారం వారం పడటం తగ్గి, చివరకు ద్రవాలు తప్ప ఏవీ దిగకపోతే దారి సన్నబడి ఉండవచ్చు. దాన్ని ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు.

చాలామంది పట్టించుకోనిది మరొకటి ఉంది. రోజుల తరబడి వాంతులు అవుతుంటే శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటుతుంది. దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాటలో తికమక దాని లక్షణాలు. ఆ స్థితిలో నీరసమని దగ్గర్లోని క్లినిక్‌లో ముందు గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడుకు శాశ్వతంగా హాని జరగవచ్చు. అందుకని మా ముగ్గురి పర్సుల్లోనూ ఒక చిన్న కాగితం ఉంటుంది. అందులో జరిగిన ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ నంబరు, వాటి కింద పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం: "వాంతులతో వస్తే గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వగలరు."