భార్య పేరిట కంపెనీ షేర్లు: పన్ను ఎవరి మీద పడుతుంది?

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ పెట్టినా, నెల్లూరు వైపు రొయ్యల మేత వ్యాపారం మొదలుపెట్టినా, ప్రైవేట్ లిమిటెడ్ అనేసరికి కనీసం ఇద్దరు వాటాదారులు కావాలి. రెండో పేరు చాలావరకు ఇంటావిడదే. అందులో తప్పు లేదు. అయితే డివిడెండు (కంపెనీ వాటాదారులకు పంచే లాభం) ఎవరి ఆదాయమో తేలాలంటే ఆ షేర్లు ఎవరి డబ్బుతో వచ్చాయో చూస్తారు.

భర్త ఊరికే ఇచ్చిన షేర్లయినా, భర్త ఇచ్చిన డబ్బుతో ఆమె కొన్నవైనా, వాటి మీద డివిడెండు భర్త ఆదాయంలోనే కలుస్తుంది. అమ్మితే వచ్చే లాభమూ అంతే. దీన్ని క్లబ్బింగ్ అంటారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 64వ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో నంబర్లు మారాయి గానీ సూత్రం అదే. భార్య భర్తకిచ్చినా ఇదే లెక్క. ఇచ్చిన రోజున ఇద్దరికీ పన్ను పడదు కాబట్టి పని అయిపోయిందనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు.

ఉదాహరణకు అలాంటి షేర్ల మీద 3,00,000 డివిడెండు వచ్చిందనుకోండి. ఆమెకు వేరే ఆదాయం లేకపోతే ఆమె లెక్కలో పన్ను సున్నా. కానీ అది 30 శాతం శ్లాబులో ఉన్న భర్త లెక్కలోకి వెళ్తుంది, సెస్సుతో 93,600 కట్టాలి. పైగా కంపెనీ 10 శాతం, అంటే 30,000 టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) ఆమె పాన్ మీద కోస్తుంది. పన్ను ఆయనది, టీడీఎస్ ఆమెది అయి కూర్చుంటుంది. అందుకే భర్త పేరు, చిరునామా, పాన్, కారణం రాసి ఆమె ముందే కంపెనీకి డిక్లరేషన్ ఇవ్వాలి. అప్పుడు కంపెనీ టీడీఎస్‌ను ఆయన పాన్ మీద చూపిస్తుంది. ఆ డివిడెండును ఆమె ఎఫ్‌డీ వేసుకుంటే వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే. దానికి విడిగా ఒక ఖాతా పెట్టండి, కలిపేస్తే తర్వాత విడదీయలేరు.

క్లబ్బింగ్ వద్దంటే ఆమె సొంత డబ్బే పెట్టాలి: పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం కౌలు, పుట్టింటి బంగారం అమ్మిన సొమ్ము, ఆమె జీతం. ఆ డబ్బు ముందు ఆమె ఖాతాలో పడాలి, అక్కణ్నుంచే చెక్కు గానీ ఆర్‌టీజీఎస్ గానీ కంపెనీకి వెళ్లాలి. పాస్‌బుక్కులో షేర్ల చెల్లింపుకు పై వరుసలో, రెండు రోజుల ముందు భర్త ఖాతా నుంచి అంతే మొత్తం జమ ఉంటే ఇక చెప్పడానికేమీ మిగలదు. కౌలు కాగితం, బంగారం అమ్మిన బిల్లు దాచండి. డబ్బు చాలకపోతే భర్త దగ్గర అప్పుగా తీసుకోవచ్చు. పత్రం రాసుకుని, న్యాయమైన వడ్డీ ఏటా బ్యాంకు ద్వారా కట్టాలి. ఆ వడ్డీ భర్తకు ఆదాయం. కాగితం రాసి వడ్డీ కట్టకపోతే దాన్ని అప్పుగా నిలబెట్టడం కష్టం.

జీతం సంగతి వేరు. భర్తకు, బంధువులతో కలిపి అయినా, 20 శాతం ఓటు హక్కు ఉన్న కంపెనీ ఆమెకు జీతమిస్తే అదీ ఆయనకే కలుస్తుంది. ఇద్దరికీ అంత వాటా ఉంటే, మిగతా ఆదాయం ఎక్కువున్నవారికి కలుస్తుంది. ఆమెకు సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ పరిజ్ఞానం, అనుభవం వల్లే ఆ జీతం వస్తుంటే కలపరు. సర్టిఫికెట్, నియామక పత్రం, చేసిన పనికి రుజువులు ఫైల్లో ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదం కంపెనీ నుంచి తీసుకునే చేబదులు. 10 శాతం గానీ అంతకు మించి గానీ ఓటు హక్కున్న షేర్లు ఉన్న ఆమెకు ఇల్లు కట్టుకోవడానికి కంపెనీ 15 లక్షలు అప్పిచ్చిందనుకోండి. కంపెనీలో పోగైన లాభం 9 లక్షలుంటే ఆ 9 లక్షలనూ డివిడెండుగానే లెక్కేసి పన్ను వేస్తారు. తర్వాత తిరిగి కట్టేసినా ఆ పన్ను పోదు.

కాగితం రూపంలో ఉన్న షేర్లు బదిలీ చేసేటప్పుడు ఎస్‌హెచ్-4 అనే బదిలీ ఫారం మీద సంతకాలయిన 60 రోజుల్లోగా కంపెనీకి ఇవ్వాలి. ఆదాయపు పన్ను రిటర్నుకు ఐటీఆర్-1, ఐటీఆర్-4 ఫారాలు పనికిరావు. ఇలాంటి అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు కాని) షేర్లున్నవారు ఐటీఆర్-2 గానీ 3 గానీ వేసి, కంపెనీ పాన్, షేర్ల సంఖ్య, కొన్న ధర రాయాలి. కలిపిన ఆదాయాన్ని భర్త రిటర్నులో, ఇలా కలిపిన ఆదాయం కోసమే ఉండే ఎస్‌పీఐ షెడ్యూల్లో భార్య పేరు, పాన్‌తో చూపాలి.