నాగావళిలో చెత్త ఏరడానికి దిగే ముందు

ముందుగా చూడవలసింది శ్రీకాకుళం ఆకాశాన్ని కాదు, ఒడిశా వానను. నాగావళి పుట్టేది అక్కడి కొండల్లో. రాయగడ వైపు గట్టిగా కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. ఎగువన ఉన్న తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తారేమో ఉదయాన్నే కనుక్కోండి. ఎత్తితే పని వాయిదా వేయండి. బ్యానరు కట్టేశాం కదా అని దిగడం తెలివితక్కువ.

• ఇసుక తవ్విన గుంటలు అన్నిటికన్నా ప్రమాదం. మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉండవచ్చు. వెదురు కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయవద్దు.

• పడవ ఎక్కేవారందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, గజ ఈతగాళ్లకైనా సరే. పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా జారిందంటే అది మీ కొలత కాదు.

• బూట్లు, మందపాటి రబ్బరు చేతి తొడుగులు. కాలికి పుండు ఉన్నవారు గట్టు మీదే పని చేయాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం పుండు గుండా సోకుతుంది.

• సూదులు కనిపిస్తే పటకారుతో తీసి మూత ఉన్న డబ్బాలో వేయండి.

• వినాయక నిమజ్జనం తర్వాతైతే బురదలో విగ్రహాల ఇనుప చువ్వలు నిలబడి ఉంటాయి. పడవ అడుగుకూ అవే శత్రువులు.

• తడి బస్తాలను పడవ మధ్యలో పేర్చండి. ఎన్ని వేయాలో చెప్పవలసింది పడవ నడిపేవారు, ఫొటోలు తీసేవారు కాదు.

• చిక్కుపడిన వల కనిపిస్తే కోసేయకండి. ఏ జాలరిదో ముందు అడగండి.

• బస్తాలు తీసుకెళ్లే బండిని ముందే మాట్లాడుకోండి. ఒడ్డున తాడుతో ఒకరిని నిలబెట్టండి, ఆపదలో 112.