శంఖపుష్పం నీళ్లలో కరెంటు పారిస్తే

చెన్నైలో చాలా బాల్కనీల్లో శంఖపుష్పం తీగ ఉంటుంది కదా, ఓ పది నీలం పూలు కోసి వేడినీళ్లలో నానబెట్టండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు రంగును ముందే మార్చేయొచ్చు, క్యాన్ నీళ్లు తీసుకోండి. చల్లారాక వడకట్టి, చెంచాడు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి తెల్లటి పళ్లెంలో పోయండి.

ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు వైర్లు దొరుకుతాయి. రెండు పెన్సిళ్లను రెండు వైపులా చెక్కి, పై ములుకులను వైర్లతో బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు తగిలించి, కింది ములుకులు దూరదూరంగా నీళ్లలో ముంచండి. నీళ్లను అస్సలు కలపకండి! మైనస్ దగ్గర హైడ్రోజన్ బుడగలు వస్తూ క్షారం పెరుగుతుంది, అక్కడ నీలం ఆకుపచ్చగా మారుతుంది, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లగా మబ్బులా పడుతుంది కూడా. ప్లస్ దగ్గర ఆక్సిజన్ వస్తుంది, ఆమ్లం వల్ల ఊదా, తర్వాత గులాబీ రంగు. ఒకే పళ్లెంలో రెండు రంగులు పక్కపక్కనే, నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

వంట ఉప్పు వేస్తే మాత్రం ప్లస్ దగ్గర క్లోరిన్ వచ్చి రంగునే పోగొడుతుంది, అది విషవాయువు, అందుకే పిల్లలతో చేసేటప్పుడు వాడకండి. ఇంట్లో ప్లగ్గు కరెంటు జోలికి అసలు వెళ్లొద్దు.